మట్టికి మట్టే తొడుగు: నడిగడ్డ గోడలు, వాటి పూతలు

తెలుగులో పూత అన్న మాటకు రెండు అర్థాలు. మాఘమాసంలో మామిడిచెట్టుకు వచ్చేదీ పూతే, గోడకు మేస్త్రీ వేసేదీ పూతే. నిఘంటువులు వీటిని వేరుచేసి చూపినా చెవికి రెండూ ఒక్కటే. ఆలోచిస్తే పోలిక కూడా కొంత ఉంది. రెండూ ఏటేటా రావలసినవి, రెండూ రాలిపోయేవి. రాలిపోవడం మామిడిపూతకు నష్టం కావచ్చునేమో గాని, గోడపూతకు మాత్రం అదే పని. ఎండకూ వానకూ ఎదురు నిలిచి, గోడకు బదులుగా తాను అరిగిపోయి, మళ్ళీ కొత్త పూతకు చోటిచ్చి తప్పుకోవడం కోసమే దానిని వేస్తారు. ఈ చిన్న సంగతిని మన పెద్దలు ఎరిగినంతగా మనం ఎరగమనీ, ఎరగకపోవడం వల్ల గత నూరేళ్ళలో చాలా గోడలు పోగొట్టుకున్నామనీ నా అభిప్రాయం. అందుకు నడిగడ్డనే ఉదాహరణగా తీసుకుంటాను.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నేల కనుక నడిగడ్డ. గద్వాల, ఆలంపూరు, గట్టు, అయిజ, మల్దకల్ ఈ నేలలోనివే. 1956 దాకా గద్వాల, ఆలంపూరు తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి. 2016 అక్టోబరులో జోగులాంబ గద్వాల జిల్లా అయ్యాయి. గట్టు మండలం రాయచూరు సరిహద్దును ఆనుకొని ఉంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ, రాయికి కొదువ లేదు. నల్లరేగడి ఉంది, ఎర్రచెలక ఉంది, మధ్య మధ్య పంట పండని చౌడు ఉంది. ఈ నాలుగు మాటల్లోనే ఇక్కడి ఇళ్ళ నిర్మాణశాస్త్రమంతా ఇమిడి ఉంది.

పాత మిద్దె ఇల్లు ఎలా కట్టేవారో చూడండి. గోడ రాతిది, రాళ్ళ నడుమ బురదమన్ను. పైన దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెలు, వాటి మీద ఆకూ అలమూ పరిచి, ఆ పైన తొక్కిన మన్ను. అన్నిటికన్నా పైన చౌడు. రైతు తన పొలంలో చౌడు కనబడితే నుదురు కొట్టుకుంటాడు. గింజ మొలవదు, నీరు ఇంకదు, ఎండితే తెల్లగా పొక్కుతుంది. ఆ చౌడునే ఎండాకాలం చివర, మృగశిర కార్తె రాకముందే, తట్టలతో మోసుకువచ్చి మిద్దె మీద పరిచేవారు. పొలంలో శాపమైనది ఇంటిమీద రక్షణ ఎలా అయిందంటే, రెంటికీ కారణం ఒక్కటే, నీరు ఇంకకపోవడం. చౌడునేలలో సోడియం లవణాలు ఎక్కువ. సోడియం చేరిన బంకమన్ను నీరు తగలగానే ఉబ్బి, దాని రేణువులు విడివిడిగా చెదరి, మట్టిలోని సన్నని రంధ్రాలన్నిటినీ పూడ్చివేస్తాయి. అంటే మొదటి వానజల్లు తానే తనకు తలుపు వేసుకుంటుందన్నమాట. తరువాతి వాన ఆ తలుపు మీదుగా జారి, తూము గుండా వీధిలో పడుతుంది. వాన వెలిసి ఎండ కాసినప్పుడు చౌడు మళ్ళీ ఎండి, పగుళ్ళిచ్చి, లోపలి చెమ్మను బయటకు వదులుతుంది. వాన వస్తే మూసుకొనీ, ఎండ కాస్తే తెరుచుకొనీ పనిచేసే పైపూత అది. ఇటువంటిది కావాలని ఇవాళ ఒక రంగుల కంపెనీని అడిగితే ఎంత వెల చెబుతుందో ఊహించుకోవచ్చు.

దీనికి లోపాలు లేవని కాదు. ఏటేటా చౌడు మీద చౌడు వేస్తూ పోతే బరువు పెరిగి దూలాలు వంగుతాయి. తెలివైన ఇల్లాలు పాత చౌడు కొంత గీకించి తీయించేది, అలక్ష్యం చేసిన ఇంట్లో ఒకనాటి రాత్రి దంతె విరిగేది. ముసురు నాలుగు రోజులు ఆగకుండా పడితే చౌడుకూ దిక్కు తోచదు, ఎక్కడో ఒకచోట కారుతుంది. అప్పుడు వానలోనే మిద్దె ఎక్కి, కారే చోట పిడికెడు చౌడు వేసి కాలితో తొక్కి రావాలి. కోనసీమలోనో కొంకణంలోనో ఈ మిద్దె నిలవదు. వాన తక్కువైన చోటనే ఇది ధర్మం. పూతను ఎంచుకోవడంలో మొదటి పాఠం ఇక్కడే ఉంది. వస్తువు మంచిదా కాదా అన్న ప్రశ్నకు ముందు, ఎక్కడి వానకు, ఎటువంటి గోడకు అన్న ప్రశ్నలు వేసుకోవాలి.

గోడల సంగతి ఆడవాళ్ళది. మట్టిని మెత్తగా జల్లించి, పేడ కలిపి, ఒక్కొక్కప్పుడు పొట్టు కలిపి గోడకు మెత్తి, ఎండిన తరువాత పలుచని పేడనీళ్ళతో అలికి, అడుగున జాజుపట్టె, పైన సుద్దతోనో సున్నంతోనో తెల్లపూత. పొట్టులోని నార మట్టి బీటలివ్వకుండా పట్టి ఉంచుతుంది. పేడలోని జిగురు నీటికి కొంత అడ్డుపడుతుంది. పండుగకు ముందర ఇల్లంతా అలకడం మనకు అలంకారంగా గుర్తుంది గాని, అసలు అది మరమ్మతు. దసరాకో దీపావళికో వేసే పూత వానాకాలపు గాయాలకు మందు, ఉగాదికి వేసే పూత ఎండకు. పండుగ పేరు పెట్టకపోతే మనిషి వాయిదా వేస్తాడని ఎవరో తెలివైనవారే మరమ్మతును పంచాంగంలో కలిపి ఉంటారు.

ఇంటికి చెల్లిన ఈ పద్ధతి కోటకూ చెల్లింది. గద్వాల కోట మట్టికోట. సంస్థాన స్థాపకుడుగా పేరుపొందిన పెద్ద సోమభూపాలుడు, జనం నోట నల్ల సోమనాద్రి, దీనిని 1662లో కట్టించాడని స్థానిక చరిత్రలు చెబుతాయి. లోపల చెన్నకేశవస్వామి ఆలయం. పండిత సత్కారాలకు పేరుపడి విద్వద్గద్వాల అనిపించుకున్న సంస్థానానికి ఇదే గద్దె. చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ. ఆమె పేరిటనే ఉన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఈ కోటలోనే వెలిసింది. ఎక్కడ చూసినా గుట్టలూ బండరాళ్ళూ ఉన్న సీమలో రాజు మట్టితో కోట ఎందుకు కట్టించాడని ఆశ్చర్యపోయేవాళ్ళున్నారు. ఫిరంగులు వచ్చిన కాలం అది. గుండు రాతిగోడను తాకితే రాళ్ళు పగిలి ఎగురుతాయి, మందమైన మట్టిగోడ అయితే గుండును మింగేస్తుంది. పైగా మట్టిగోడను తెల్లవారేలోగా తిరిగి పూడ్చవచ్చు.

అయితే మట్టిగోడకు ఫిరంగి కన్నా పెద్ద శత్రువు వాన. అందులోనూ వాలుగా వచ్చి పక్కగోడను తాకే వాన కన్నా, గోడ నెత్తిమీద నిలిచే నీరు ప్రమాదం. నెత్తి చెదిరితే నీరు గోడ గర్భంలోకి దిగుతుంది. మట్టి నాని, తన బరువును తాను మోయలేక జారుతుంది. రెండవ ప్రమాదం పాదం దగ్గర. నేలనుంచి ఎక్కే చెమ్మ, చిందే వాననీరు గోడ అడుగును కొరికివేస్తాయి. నెత్తికి టోపీ, కాలికి చెప్పులు ఉంటే మట్టిగోడ వందల ఏళ్ళు బతుకుతుంది. పక్కల వేసే పూత ఈ రెండింటి తరువాతిది. సంస్థానపు రోజుల్లో కోటగోడకు మన్ను మెత్తడానికి మనుషులుండేవారు. 1949 తరువాత సంస్థానం పోయింది, మెత్తే మనుషులూ పోయారు. గోడ మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇదే కాలంలో వనపర్తి రాజప్రాసాదానికి వేరే గతి పట్టింది. అది 1959లో పాలిటెక్నిక్ అయింది. జనం తిరిగే చోట ఎవరో ఒకరు కారే చోటు చూస్తారు, ఏడాదికోసారి సున్నమైనా వేయిస్తారు.

సున్నం సంగతికి వద్దాం. సున్నం అన్నది సంస్కృతపు చూర్ణానికి ప్రాకృతం మీదుగా వచ్చిన రూపం. ఇంగ్లీషువాళ్ళు మద్రాసులో దీనిని చూసి చునాం అన్నారు. అద్దంలా మెరిసే ఆ గోడలను చూసి పాలరాయి అనుకున్నామని రాసిన దొరలూ ఉన్నారు. మన వైపు పేరు డంగుసున్నం. నల్లరేగడిలో దొరికే సున్నపు గులకలనో, సున్నపురాతినో తెచ్చి బట్టీలో కాలుస్తారు. సుమారు 900 డిగ్రీల వేడికి రాతిలోని బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోయి కాల్చిన సున్నం మిగులుతుంది. దానిమీద నీళ్ళు పోస్తే బుసలు కొట్టి, పొంగి, వెన్నలా అవుతుంది. ఎన్నాళ్ళు నీటిలో నానితే అంత మేలు. ఆ తరువాత ఇసుకో ఇటుకపొడో కలిపి డంగులో వేస్తారు. గుండ్రని రాతి కాలువ, అందులో నిలువుగా దొర్లే రాతిచక్రం, చక్రానికి కట్టిన ఎడ్లు. గంటల తరబడి నూరితే తప్ప మేస్త్రీ ఒప్పుకునేవాడు కాదు. పాత కోటల దగ్గర, పాడుబడ్డ గడీల వెనుక ఈ రాతిచక్రాలు ఇప్పటికీ కనిపిస్తాయి. చూసినవాళ్ళు నూనె గానుగ అనుకొని వెళ్ళిపోతుంటారు.

నూరిన సున్నంలో ఏమేమి కలిపేవారన్నది ఒక పెద్ద పురాణం. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లపు నీళ్ళు, ఉన్నత గృహాల్లో పెరుగు, కోడిగుడ్డు తెల్లసొన. వీటిని మూఢాచారాలుగా కొట్టిపారేసినవారే తరువాత ప్రయోగశాలల్లో పరీక్షించి తలలూపారు. బెల్లంలోని చక్కెర నీటిలో సున్నం మరింతగా కరిగేలా చేస్తుంది. కరక్కాయలోని వగరు మిశ్రమాన్ని మెత్తబరచి, నీటి అవసరాన్ని తగ్గిస్తుంది. గుడ్డుసొనలోని మాంసకృత్తులు జిగురిస్తాయి. గోడకు పూసిన తరువాత జరిగేది ఇంకా అందమైన కథ. బట్టీలో వెళ్ళిపోయిన బొగ్గుపులుసు వాయువును సున్నం గాలిలోంచి మెల్లమెల్లగా తిరిగి పుచ్చుకొని మళ్ళీ రాయి అవుతుంది. దీనికి నెలలు, మందపు పూతలో ఏళ్ళు పడుతుంది. ఈలోపల చిన్న బీటలు వస్తే, కరిగిన సున్నం ఆ బీటల్లో చేరి గట్టిపడి తానే మాన్పుకుంటుంది. 1591 నాటి చార్మినారు ఒంటి మీద ఉన్నది ఈ గచ్చే. ఈ నేలకు పైన, హోస్పేట దగ్గర, 1953లో నీరు నిలిపిన తుంగభద్ర ఆనకట్ట రాతికట్టుబడిలో కూడా ఇటుకపొడి కలిపిన సున్నమే, అంటే సుర్ఖీయే, వాడారు. సున్నం బలహీనమైనదన్న మాటకు ఇంతకు మించిన జవాబు అక్కరలేదు.

ఇక్కడ శాస్త్రగ్రంథాల ప్రసక్తి తేకుండా ఉండలేను. వరాహమిహిరుడు ఆరవ శతాబ్దిలో రాసిన బృహత్సంహితలో వజ్రలేపానికి ఒక అధ్యాయమే ఉంది. పచ్చి తుమికికాయలు, వెలగకాయలు, బూరుగ పూలు, అందుగు గింజలు, వస మొదలైనవి నీటిలో మరిగించి, ఎనిమిదో వంతుకు దించి, అందులో గుగ్గులు, సర్జరసం, నల్లజీడి, అవిసె, మారేడు వంటివి కలిపి, వేడివేడిగా ఆలయాలకూ మేడలకూ గోడలకూ పూయమంటాడు. ఇది కోటి సంవత్సరాలు నిలుస్తుందని కూడా సెలవిచ్చాడు. జ్యోతిషులకు పెద్ద అంకెల మీద మక్కువ ఎక్కువ కనుక ఆ కోటిని మన్నించవచ్చు. వంటకాన్ని మాత్రం తీసిపారేయలేము. పచ్చి తుమికిరసంలో వగరు దండిగా ఉంటుంది. బెంగాలులో పడవలకూ వలలకూ నీరు తగలకుండా ఆ జాతికాయల రసమే పూసేవారు. అవిసెనూనె గాలి తగిలితే ఎండి పొరకడుతుంది. ఐరోపా చిత్రకారుల తైలవర్ణాలకు ఆధారం ఆ నూనెయే. ఆలంపురంలో బాదామి చాళుక్యులు నవబ్రహ్మ ఆలయాలు లేపింది దీనికి సుమారు నూరేళ్ళ తరువాత. ఈ సీమను ఏలిన కళ్యాణి చాళుక్యుల్లో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన మానసోల్లాసంలోనూ వజ్రలేపం ఉంది. అయితే అది ఎనుము తోలు ఉడికించి తీసిన జిగురు. తెల్లమన్నులో కలిపి, బొమ్మలు వేయబోయే గోడకు పూసేందుకు. పేరు ఒకటే, వస్తువు వేరు, పని వేరు. ఆలయపు బయటిగోడకు ఒకటి, చిత్రశాల లోపలిగోడకు ఒకటి. పూర్వులు ఎంచుకొనే వాడారనడానికి ఇది చాలు.

ఎంచుకోవడం తప్పితే ఏమవుతుందో చెప్పడానికి అజంతా కన్నా పెద్ద ఉదాహరణ లేదు. గద్వాల సంస్థానమూ, ఆలంపూరూ, అజంతా అప్పట్లో ఒకే నిజాం రాజ్యంలోనివి. రాజ్యపు పురావస్తు శాఖకు గులాం యజ్దానీ అధిపతి. నిజాం ప్రభుత్వం 1920లో ఇటలీ నుంచి చేకోనీ, ఓర్సీనీ అనే ఇద్దరు నిపుణులను పిలిపించింది. వాళ్ళు శ్రద్ధగానే పనిచేశారు. ఊడిపోతున్న పెళ్ళలను తిరిగి అతికించారు. ఆ పని చాలావరకు నిలిచింది. అయితే బొమ్మలు కాపాడాలన్న ఉద్దేశంతోనే వాటిమీద లక్క మెరుగు పూశారు. పూసిన రోజున రంగులు తడితేరి మెరిసి ఉంటాయి, చూసినవారు మురిసి ఉంటారు. ఏళ్ళు గడిచేకొద్దీ లక్క పసుపుబారి, నల్లబారి, దుమ్మూ ధూళీ పట్టి, పెళుసెక్కి, ముడుచుకుంటూ కింది రంగుపొరను తనతోబాటు లాగసాగింది. అజంతా బొమ్మలు రాతిమీద లేవు, మట్టి గిలాబా మీద ఉన్నాయి. పొట్టూ నారా కలిపిన మట్టి అది, మన గోడల మట్టికి అన్న వరుస. చెమ్మ పీల్చి, చెమ్మ వదిలే ఆ మట్టిముఖానికి లక్క బిగించిన ముసుగు అయింది. భారత పురావస్తు శాఖ రసాయన విభాగం ఆ లక్కను అంగుళం అంగుళంగా తీయడానికే దశాబ్దాలు వెచ్చించింది. రెండేళ్ళలో వేసిన పూతను తీయడానికి రెండు తరాలు పట్టిందన్నమాట.

అజంతాకు లక్క చేసిన పనినే ఊళ్ళ గోడలకు సిమెంటు చేసింది. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్పిడిన్ పేటెంటు తీసుకున్నది 1824లో. నిజాం రాజ్యంలో షాబాదు సున్నపురాతి నేలమీద 1920లలో సిమెంటు ఫ్యాక్టరీ లేచింది. 1936లో పది కంపెనీలు కలిసి ఏ.సి.సి. అయినప్పుడు అదీ అందులో చేరింది. రాయచూరు దోవాబుకు షాబాదు ఎంతో దూరం కాదు. సిమెంటు వంతెనకు మంచిది, పిల్లరుకు మంచిది. నేను సిమెంటుకు శత్రువును కాను. కాని అది మట్టిగోడ మీదికి ఎక్కినప్పుడు వచ్చిన కష్టం వేరు. సిమెంటు గట్టిది, వంగదు; మట్టి ఎండకూ వానకూ కొద్దికొద్దిగా పెరిగి తరుగుతుంది. ఆ రెండింటి నడుమ పొత్తు కుదరక పూతలో వెంట్రుకవాసి బీట పడుతుంది. బీట గుండా నీరు లోపలికి పోతుంది, వచ్చిన దారిన తిరిగి పోలేదు. బయటికి గోడ కొత్తగా నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల మట్టి నానుతూ ఉంటుంది. కొన్నేళ్ళకు ఒక వానాకాలంలో గోడ కూలుతుంది. మట్టిగోడ కదా, అందుకే కూలింది అంటారు అందరూ. ఇంగ్లండులో డెవన్ ప్రాంతపు పాత మట్టి ఇళ్ళకు ఇరవయ్యో శతాబ్దిలో సిమెంటు పూసినప్పుడు ఇదే జరిగింది. అక్కడివాళ్ళు ఆలస్యంగానైనా తెలుసుకొని సిమెంటు గీకి సున్నం పూస్తున్నారు. మనం ఇంకా మట్టిని గీకి సిమెంటు పూస్తున్నాం. జనాభా లెక్కల్లో మట్టిగోడను తాత్కాలికమైన కట్టడం కింద రాసుకోవడం కూడా ఈ తొందరకు తోడైంది. తాత ముత్తాతల నాటి ఇల్లు తాత్కాలికం, నిన్న పూసిన సిమెంటు శాశ్వతం!

ఇంకొక చిక్కు ఉప్పు. సిమెంటులో కరిగే క్షారలవణాలు కొన్ని ఉంటాయి. నేలచెమ్మలోనూ ఉంటాయి, చౌడుసీమలో మరీను. నీరు ఆవిరైన చోట ఉప్పు పేరుకొని స్ఫటికాలు కడుతుంది. సున్నపుపూత అయితే ఆ స్ఫటికాలు పూతలోనే పుట్టి పూతను రాల్చుతాయి, మనం మళ్ళీ పూస్తాం. మూసివేసే పూత అయితే పూతకు వెనుక, గోడ ఒంట్లోనే పుట్టి, రాతినైనా సరే పొరలు పొరలుగా ఊడగొడతాయి. పూత గోడ కన్నా బలహీనంగా ఉండాలనడంలోని రహస్యం ఇదే. ఇద్దరిలో ఎవరో ఒకరు పోవలసి వచ్చినప్పుడు పోవలసింది పూత, గోడ కాదు.

హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో ఆగాఖాన్ ట్రస్టు మొదలుపెట్టిన పనిలో పెద్ద భాగం, ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో చేరిన సిమెంటును ఒలిచి, డంగుసున్నంతో తిరిగి గచ్చు చేయడమే. చార్మినారుకు పురావస్తు శాఖ సున్నంతోనే మరమ్మతులు చేస్తూ వస్తున్నది. 2019 మే నెల మొదటి రోజున ఒక మినారు నుంచి గచ్చు పెళ్ళ ఊడిపడినప్పుడు సున్నాన్ని తప్పుపట్టినవాళ్ళు లేకపోలేదు. పూతలూ మరమ్మతులూ ఆగకుండా సాగితేనే సున్నం నిలుస్తుందన్నది వాళ్ళు మరచిన సంగతి.

అన్ని కట్టడాలకూ ఊపిరాడే పూతే కావాలా అంటే, కాదు. జూరాల ప్రాజెక్టు ఉక్కుగేట్లకు పూసే రంగు ఎంత బిగుతుగా మూసివేస్తే అంత మంచిది. ఇనుముకు నీరూ గాలీ రెండూ తగిలితేనే తుప్పు. రెంటినీ అడ్డుకోవడమే అక్కడి పూత పని. రంగు వేసేముందు తుప్పును పూర్తిగా గీకి తీయకపోతే ఎంత ఖరీదైన రంగయినా వృథా. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, పాత ఆనకట్టల ఇనుప భాగాల పోషణ ఎంత పెద్ద బాధ్యతో కింది రైతులందరికీ ఒక్కసారిగా తెలిసివచ్చింది. ఒకే ఆనకట్టలో రాతికట్టుకు సున్నం, గేటుకు మూసివేసే రంగు. ఒక ధర్మాన్ని ఇంకొక దానికి అంటగట్టకూడదు.

రాతికి అసలు పూతే అక్కరలేదనవచ్చు. ఆలంపురపు ఆలయాలు ఇసుకరాతివి. చెక్కడానికి అనువైనది, ఉప్పుకు లొంగేది. మన దేవాలయాల్లో శిల్పాల మీద ఉత్సవానికి ఒకటి చొప్పున సున్నం కొట్టడం చాలాకాలం సాగింది. ఆ సున్నం కింద ముక్కులూ కళ్ళూ కనుమరుగైనాయని మన చరిత్రకారులు బాధపడ్డారు. నిజమే. కాని కొన్నిచోట్ల ఆ సున్నం తీసినప్పుడు కింద శిల్పం పదునుగా ఉండడం కూడా చూశారు. అందానికి అడ్డమైనదే ఆయుష్షుకు తోడైంది. అలాగని ఇవాళ మళ్ళీ కొట్టమనను. నీటిని తోసేసే సిలికోను ద్రవాలను రాతికి పూయాలని ముచ్చటపడేవారికి మాత్రం ఉప్పు సంగతి గుర్తుచేయాలి. శ్రీశైలం నీరు నిలిచినప్పటి నుంచి ఆలంపురం జలాశయపు అంచున ఉన్న ఊరు. ముంపు తప్పించడానికే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఇక్కడికి తెచ్చి నిలిపారు. చెమ్మ కిందినుంచి వచ్చేచోట రాతి ముఖాన్ని మూస్తే అది ఎటు పోవాలి?

2009 అక్టోబరు మొదటివారంలో కృష్ణా తుంగభద్రలు రెండూ పొంగి, కర్నూలు, ఆలంపూరు, రాజోలి మునిగాయి. రాజోలిలో మగ్గాల ఇళ్ళు కూలిపోయాయి. రోజుల తరబడి నీటిలో నిలిచిన మట్టిగోడను ఏ పూతా కాపాడలేదు. చౌడూ కాపాడలేదు, సున్నమూ కాపాడలేదు. మట్టిని మెచ్చుకునేవాళ్ళు ఈ మాట ఒప్పుకొని తీరాలి. అటువంటి చోట ఎత్తయిన రాతిపీఠమో, ఊరి చోటు మార్చుకోవడమో తప్ప వేరే మార్గం లేదు. రాజోలి కూలింది కనుక గట్టులోని మిద్దెలన్నీ పడగొట్టాలనడం మాత్రం తర్కం కాదు. గట్టు దగ్గర నది లేదు, మిట్ట ఉంది.

పడమటి ఆఫ్రికాలోని మాలీ దేశంలో జెన్నే అనే ఊరుంది. అక్కడి పెద్ద మసీదు 1907లో తిరిగి కట్టినది, పూర్తిగా మట్టిది. ఏటా ఒకరోజు ఊరంతా కలిసి దానికి మట్టి మెత్తుతారు. పిల్లలు బురద తొక్కుతారు, ఆడవాళ్ళు నీళ్ళు మోస్తారు, మేస్త్రీల సంఘం దగ్గరుండి చేయిస్తుంది. గోడలోంచి పొడుచుకువచ్చిన తాటిమొద్దులు వాళ్ళకు నిచ్చెనలు. ఇది 1988లో ప్రపంచ వారసత్వ స్థలమయింది. వాళ్ళ మట్టి మన మట్టికన్నా గొప్పదేమీ కాదు. అక్కడ మెత్తే రోజు ఇంకా మిగిలి ఉంది, అంతే.

గద్వాల కోటకు పూత ఎంచవలసివస్తే ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు నాకు తోచింది చెబుతాను. ముందు గోడ నెత్తిమీద మొలిచిన చెట్లను వేరుతో సహా తీసి, నీరు నిలవకుండా వాలు కట్టి, ఆ వాలుకు చౌడు పరచాలి. చౌడు కొనవలసిన పనిలేదు, చుట్టుపక్కల బీళ్ళలో ఉచితం. గోడ పాదం దగ్గర చేరిన మట్టిని, చెత్తను తీసి, వాననీటికి దారి చేయాలి. ఆ తరువాత గోడలోంచి రాలిన పెళ్ళను ఒక గాజుసీసాలో నీళ్ళుపోసి కలిపి ఒక రోజు కదల్చకుండా ఉంచితే, ఇసుక ఎంతో ఒండ్రు ఎంతో బంక ఎంతో పొరలు పొరలుగా తేలుతుంది. పూయబోయే మట్టి ఆ పాళ్ళకు దగ్గరగా, బంక ఒక పిసరు తక్కువగా ఉండాలి. ఉత్త మన్నూ పొట్టూ ఒకటి, పేడ కలిపినది ఒకటి, కాస్త సున్నం కలిపినది ఒకటి, మట్టిమీద పలుచని సున్నపుపూత ఒకటి. ఈ నాలుగింటినీ నైరుతి వానకు ఎదురుగా ఉన్న గోడమీద పక్కపక్కన, ఒక్కొక్కటి నిలువెత్తున, జ్యేష్ఠంలోనే పూసి వదిలేయాలి. టెండరు పిలవడానికి అంత తొందరేమీ లేదు. వీటిలో ఏది నిలిచిందో, ఏది గోడను పట్టుకొని కిందికి లాగిందో దసరా నాటికి చేతితో తడిమితే తెలుస్తుంది.